మేపుల్ నీళ్లు, తాటి బెల్లము

ఈ మాసము వాక్యధ్యానము వ్రాయడము లేదు. మా ఇంటి పెరటిలో మేపుల్ చెట్ల నీళ్లు కాచి పాకము చేసిన సంగతి వ్రాస్తున్నాము. ఇది వంటల శీర్షికలో వేయవలసినది కదా అని మీరు అనుకోవచ్చు. మేమూ మొదట అలాగే అనుకొన్నాము.

దేవుని కృపనుబట్టి మేము అమెరికా దేశములోని మిషిగన్ రాష్ట్రములో ఒక చిన్న తెలుగు సంఘములో పరిచర్య చేస్తున్నాము. అక్కడి అమెరికన్ సంఘమువారు తమ మందిరమును ఆదివారము మధ్యాహ్నము మాకు ఇస్తారు. ఆ సంఘములో పెద్దగా ఉన్న ఒక వృద్ధుడు మా ప్రక్కింటిలోనే ఉంటారు. మా పెరటిలో మూడు పెద్ద మేపుల్ చెట్లున్నాయి. కెనడా దేశపు జెండా మీద ఎర్రగా కనిపించే ఆకు ఈ జాతి చెట్టుదే. ఆ చెట్లు మాకు ఏటా ఆకులు ఊడ్చే పని తప్ప మరేమీ ఇవ్వవని మా నమ్మకము. 2024 అక్టోబరులో ఆకులు ఊడుస్తుండగా పెద్దాయన కంచె దగ్గరకు వచ్చి, ఒక ఆకు తీసి తిప్పి చూసి, "పాస్టర్, ఇవి షుగర్ మేపుల్ చెట్లు. ఒక్కొక్కదానికి గుడ్డ పీలిక కట్టి ఉంచండి. చలికాలము ఆకులు రాలిపోయాక ఏది ఏ చెట్టో మీరు పోల్చుకోలేరు. ఫిబ్రవరిలో నేను వచ్చి చూపిస్తాను" అన్నారు. మా శ్రీమతి పాత చీర అంచు చింపి మూడు చెట్లకూ కట్టింది. చలికాలమంతా మంచులో ఆ ఎర్ర పీలికలను చూసినప్పుడల్లా పిల్లలు నవ్వేవారు.

2025 ఫిబ్రవరి ఆఖరి వారములో పెద్దాయన చెప్పినట్లే డ్రిల్లు పట్టుకొని వచ్చారు. అప్పటికి రాత్రులు గడ్డకట్టే చలి ఉన్నా, పగలు ఎండ కాసి మంచు కరుగుతోంది. ఈ రెండూ కలిసి రావాలి. వేసవిలో ఆకులు తయారుచేసిన ఆహారము మానులో పిండిపదార్థముగా నిలువ ఉంటుంది. చలికాలము చివరికి అది చక్కెరగా మారి నీటిలో కలుస్తుంది. రాత్రి గడ్డకట్టినప్పుడు చెట్టు నీటిని లోపలికి పీల్చుకొంటుంది. పగలు వెచ్చబడినప్పుడు లోపల ఒత్తిడి పెరిగి, ఎక్కడ రంధ్రము ఉంటే అక్కడినుండి చుక్క చుక్కగా కారుతుంది. వరుసగా చలే ఉన్నా కారదు, వరుసగా వెచ్చగా ఉన్నా కారదు.

మాను అడుగు వెడల్పు ఉంటే ఒక్క రంధ్రము చాలునని, సన్నని చెట్టు జోలికి పోకూడదని పెద్దాయన ముందే హెచ్చరించారు. మా చెట్లలో ఒకటి బాగా లావైనది గనుక దానికి రెండు, మిగిలిన వాటికి ఒక్కొక్కటి, మొత్తము నాలుగు. నడుము ఎత్తున, నీరు బయటికి జారేటట్లు కొంచెము పైకి వాలుగా, అంగుళమున్నర లోతు వరకు తొలవాలి. తొలిచినప్పుడు వచ్చే పొట్టు లేత మీగడ రంగులో ఉంటే ఆ భాగము ప్రాణముతో ఉన్నట్లు. ముదురు గోధుమరంగులో ఉంటే అక్కడ చచ్చుబడినట్లు. తరువాత చిన్న గొట్టమును రంధ్రములో పెట్టి సుత్తితో మెల్లగా కొట్టాలి. గట్టిగా కొడితే మాను చీలుతుంది. దెబ్బ శబ్దము మారగానే ఆపేయాలి. డ్రిల్లు మా చేతికే ఇచ్చారు. మొదటి చెట్టుకు గొట్టము బిగించి చెయ్యి తీసేలోపే చివర ఒక చుక్క వచ్చి నిలిచింది, తరువాత రాలింది. మా అమ్మాయి నాలుక చాపి దాని క్రింద నిలబడింది.

మేమూ దోసిలి పట్టి త్రాగాము. మంచినీళ్ల వలె తెల్లగా ఉన్నాయి. "ఇవి ఉత్త నీళ్లేనండీ" అంది మా శ్రీమతి. రెండవ గుక్కకు నాలుక మీద ఏదో లీలగా తీపి తగిలింది. లేత కొబ్బరినీళ్లకు మరికొన్ని నీళ్లు కలిపినట్లు ఉంది. నూటికి రెండు వంతులు మాత్రమే చక్కెర ఉంటుందట.

అప్పుడు పెద్దాయన బకెట్టుకు మూత బిగిస్తూ మామూలుగా అడిగారు: "మీ దేశములో కూడా చెట్టునుండి ఇలా తీపి నీళ్లు తీస్తారా?"

"లేదండీ, మావైపు అలాంటిదేమీ లేదు" అన్నాము.

మా శ్రీమతి మావైపు చూసింది. ఏమీ అనలేదు. ఆ చూపుకు అర్థము మాకు తెలుసు.

పాఠకులారా, మా నాన్నగారు కల్లుగీత కార్మికులు. గోదావరి జిల్లాలోని మా ఊరిలో రోజుకు రెండు పూటలా తాడిచెట్లు ఎక్కేవారు. నడుముకు మోకు వేసుకొని, యాభై అరవై అడుగుల చెట్టు చివరకు పోయి, గెల కొసను కత్తితో పలుచగా చెక్కి, దానికి కుండ కట్టి దిగేవారు. ప్రొద్దున కట్టిన కుండకు సాయంత్రము, సాయంత్రము కట్టినదానికి ప్రొద్దున మరల ఎక్కాలి. కుండ లోపల సున్నము పూస్తే దిగేది తియ్యని నీరా. పూయకపోతే కొద్ది గంటలలోనే పులిసి కల్లు అవుతుంది. 1989లో నాన్నగారు ప్రభువును తెలిసికొని బాప్తిస్మము పొందారు. మరునాడు తెల్లవారకముందే కుండలన్నిటికీ సున్నము పూశారు. అప్పుడు మాకు తొమ్మిదేండ్లు. సున్నపు నీళ్ల ముంత పట్టుకొన్నది మేమే. కల్లు కొనేవారు పోయారు, రాబడి సగానికి పడిపోయింది. అమ్మ ఆ నీరాను పెద్ద బానలిలో పోసి, ఎండిన తాటాకులు మంటపెట్టి, బెల్లము వండేది. ఆ బెల్లము అమ్మిన డబ్బుతోనే మమ్మల్ని చదివించారు. మా బైబిలు పాఠశాల డిప్లొమా ఫీజు కూడా అదే.

ఆ పాఠశాలలో చేరేటప్పుడు దరఖాస్తులో 'తండ్రి వృత్తి' అన్నచోట 'వ్యవసాయము' అని వ్రాశాము. అది మొదటిది. రెండవ సంవత్సరములో నాన్నగారు మమ్మల్ని చూడడానికి వచ్చారు. చేతులు, గుండె అంతా మాను రాచుకొని కాయలు కాచిన మనిషి. తాటాకు బుట్టలో బెల్లము తెచ్చారు. వరండాలో తోటి విద్యార్థులు "ఎవరు బ్రదర్?" అని అడిగితే, "మా ఊరాయన" అన్నాము. నాన్నగారు రెండడుగుల దూరములో ఉన్నారు. బుట్ట మా చేతికిచ్చి, "చదువుకో నాయనా" అని, అన్నము కూడా తినకుండా మధ్యాహ్నపు బస్సుకే వెళ్లిపోయారు. 2011లో ప్రభువునందు నిద్రించారు. ఆ సంగతి ఆయన ఎన్నడూ ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు. ప్రసంగములలో మాత్రము 'రైతు బిడ్డలము' అని చెప్పుకొంటూ వచ్చాము. మా పిల్లలకు కూడా అదే చెప్పాము. పెండ్లయిన కొత్తలో మా శ్రీమతికి ఒక్కదానికి నిజము చెప్పి, ఎవరితోను అనవద్దన్నాము.

ఇక పాకము సంగతి. దాదాపు 40 లీటర్ల నీళ్లు కాస్తే 1 లీటరు పాకము వస్తుంది. ఈ లెక్క వినడము వేరు, కాచడము వేరు. ఈ నీళ్లు పాలవంటివి, చల్లగా ఉంచకపోతే చెడిపోతాయి గనుక బకెట్లను మంచులో పాతిపెట్టి, వారాంతము వరకు కూడబెట్టాము. మొదటి శనివారము బయట చలికి జంకి వంటింటిలోనే పెద్ద గిన్నె పొయ్యి మీద పెట్టాము. పెద్దాయన వద్దన్నారు, మేము వినలేదు. మూడు గంటలకల్లా గోడల మీద నీళ్లు కారుతున్నాయి, అలమర తలుపులు బంకబంకగా అయ్యాయి. మా శ్రీమతి గిన్నె దింపి పెరటి తలుపు తీసి, "ఇక మీరు, మీ చెట్లు బయటకే" అంది.

బయట సిమెంటు దిమ్మెలు పేర్చి పొయ్యి కట్టాము. వెడల్పు పళ్లెములాంటి స్టీలు పాత్ర పెట్టి, క్రింద ఎండుకట్టెలు పెట్టాము. పాత్ర ఎంత వెడల్పుగా ఉంటే ఆవిరి అంత త్వరగా పోతుంది. నీరు తగ్గేకొద్దీ పోస్తూ ఉండాలి. ఆ రోజు రాత్రి తొమ్మిదింటికి నీరు బంగారురంగు తిరిగింది. అంతలో సంఘములోని ఒక సహోదరి ప్రార్థన కోసము ఫోను చేసింది. ఆమె ప్రార్థన అవసరత నిజమైనదే గాని, మేము ఫోనులో మరీ విస్తారముగా ఉపదేశము చేశామని ఇప్పుడు ఒప్పుకొంటున్నాము. తిరిగి వచ్చేసరికి పాత్ర అడుగున నల్లని మసి. 40 లీటర్లు, రెండు వారాల కూడిక, ఉపదేశము పాలయ్యాయి. మా అబ్బాయి కట్టెపుల్లతో ఆ మసిని పొడిచి చూసి, "డాడీ, ఇది అమెన్ అయిపోయింది" అన్నాడు.

మార్చి రెండవ వారములో మరల కాచాము. ఈసారి వేరే చిక్కు వచ్చింది. చిక్కబడుతున్నకొద్దీ నురుగు పొంగి పాత్ర దాటి పోతోంది. పెద్దాయన ఊరిలో లేరు. ఎవరిని అడగాలో మాకు తెలుసు. అడగాలా వద్దా అని కొంతసేపు పొంగును గరిటెతో కొడుతూ నిలబడ్డాము. చివరకు మా అబ్బాయి చేతికి ఫోను ఇచ్చి, వీడియోలో నానమ్మకు పొయ్యి చూపించమన్నాము. అక్కడ తెల్లవారుతోంది. అమ్మ ఇంకా మంచము మీదనే ఉంది. అద్దాలు పెట్టుకొని చూసి ఒక్కసారిగా లేచి కూర్చుంది.

"ఏంట్రా అబ్బాయ్ అది? నీరా కాస్తున్నావా?"

"నీరా కాదమ్మా, ఇక్కడి చెట్టు నీళ్లు."

"ఏదైనా ఒకటే. పొంగుతోంది, ఆముదపు గింజలు నాలుగు నూరి వెయ్యి. లేకపోతే ఏదో ఒక జిడ్డు, ఒక చుక్క చాలు. మంట తగ్గించు ముందు!"

వెన్న చిటికెడు వేశాము. పొంగు చల్లారి కూర్చుంది. ఇక్కడివారు కూడా అదే చేస్తారని తరువాత తెలిసింది. అమ్మకు హుషారు వచ్చింది. "చెట్టు ఎవరు ఎక్కారు?" అని అడిగింది. ఎక్కనక్కరలేదు, నడుము ఎత్తునే కారుతుంది అని చెబితే పగలబడి నవ్వింది. "నేల మీద నిలబడి నీరా దించుతున్నారా! మీ తాతయ్య చూస్తే ఎంత నవ్వుకునేవారురా! రోజుకు ఇరవై చెట్లు, రెండు పూటలా ఎక్కి దిగేవారు. గుండె మీద చర్మమే ఉండేది కాదు." ఈ మాటలు మాతో కాదు, ఫోను పట్టుకొన్న మనుమడితో అంటోంది.

మా అబ్బాయి మావైపు తిరిగి, "తాతయ్య ఫార్మర్ అన్నారు కదా డాడీ?" అన్నాడు.

ఫోనులో అమ్మ మాట ఆగిపోయింది.

పేతురు చలిమంట దగ్గర ప్రభువును ఎరుగనన్న సంగతి మీద మేము ఎన్ని ప్రసంగములు చేశామో లెక్కలేదు. ఆ రాత్రి మంట దగ్గర నిలబడినది మేము, అడిగినవాడు మా కొడుకు. వాడికి పద్నాలుగేండ్లు. గరిటె ప్రక్కన పెట్టి చెప్పాము. దరఖాస్తు సంగతి, ప్రసంగముల సంగతి, పెద్దాయనతో అన్న మాట చెప్పాము. వరండా సంగతి దగ్గరకు వచ్చేసరికి గొంతు పెగలలేదు. అయినా అమ్మ వింటుండగానే చెప్పాము. ఆమెకు అది ఇన్నేండ్లుగా తెలియదని మా భయము, నమ్మకము కూడా.

అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "మీ నాన్న ఆ రోజే చెప్పారురా" అంది. "బాధపడ్డారు. అయితే రెండు మూడుసార్లు నన్ను అడిగింది మాత్రము ఒకటే. 'వాడు ఆ బెల్లము తిన్నాడో లేదో' అని. తిన్నావా?"

"తిన్నానమ్మా. రాత్రి అందరూ పడుకున్నాక తిన్నాను. ఒక్క ముక్క ఎవరికీ పెట్టలేదు."

"పోనీలే, తిన్నావు. పొయ్యి చూసుకో, మాడుతుంది" అని అమ్మ కళ్లు తుడుచుకొంది.

మా అబ్బాయి మమ్మల్ని ఏమీ అనలేదు. కట్టెలు తెచ్చి పొయ్యిలో పెట్టాడు. కాసేపటికి, మోకు ఎలా వేసుకొంటారని అడిగాడు. మా నడుముకు తాడు చుట్టి, ఎర్ర పీలిక కట్టిన చెట్టు దగ్గరే చూపించాము. రెండడుగులు కూడా ఎక్కలేకపోయాము. వాడు నవ్వాడు. ఇంటిలో ఆ రాత్రి నిద్రకు ముందు వాడు చేసిన ప్రార్థనలో తాతయ్య కోసము దేవునికి స్తోత్రము చెప్పాడు. తాతయ్యను వాడు పసివాడుగా ఒక్కసారి చూశాడు, జ్ఞాపకము లేదు.

తరువాతి వారము పెద్దాయన తిరిగి రాగానే కంచె దగ్గరకు వెళ్లి, "ఆ రోజు మీతో అబద్ధమాడాము" అన్నాము. ఆయన మా అపరాధము సంగతి అంతగా పట్టించుకోలేదు గాని తాడిచెట్టు సంగతి విడిచిపెట్టలేదు. ఎంత ఎత్తు, కొమ్మలు లేకుండా ఎలా ఎక్కుతారు, ఎన్ని వంతులు తీపి? నీరాలో నూటికి పది, పన్నెండు వంతుల వరకు చక్కెర ఉంటుందని చెబితే ఆయన ఈల వేశారు. "మాకంటె అయిదారు రెట్లు! మేము పుట్టినచోటు తప్పు" అన్నారు. ఈ మేపుల్ విద్య కూడా తెల్లవారిది కాదని, యూరపు ప్రజలు రాకముందే ఈ సరస్సుల ప్రాంతములోని అనిషినాబే మొదలైన ఆదివాసులు మేపుల్ చక్కెర చేసేవారని ఆయనే చెప్పారు. మేము చదివిన మరొక సంగతి కూడా ఇక్కడ వ్రాయాలి. 1791లో ఫిలడెల్ఫియా వైద్యుడు బెంజమిన్ రష్ మేపుల్ చక్కెరను గూర్చి థామస్ జెఫర్సన్‌కు ఒక దీర్ఘమైన లేఖ వ్రాశాడు. ఆ రోజులలో చెరకు చక్కెర బానిసల చేతులమీదుగా వచ్చేది. దాని బదులు ఇది వాడితే బానిసత్వము తగ్గుతుందని ఆయనవంటివారి ఆశ. క్వేకరు క్రైస్తవులలో అనేకులు ఆ మాటను బలపరచారు. వారు ఆశించినట్లు జరగలేదు. అయినా, బల్ల మీది తీపి ఎవరి చేతులనుండి వచ్చిందని అడిగినవారు అంతకుముందు కాలములోనూ ఉన్నారని చదివి మేము చాలాసేపు ఆలోచించాము.

పాకము చివరి దశ ఇంటిలోనే, చిన్న గిన్నెలో చేయాలి. నీళ్లు మరిగే వేడికంటె సుమారు 4 సెంటీగ్రేడు డిగ్రీలు ఎక్కువ రాగానే దింపాలి. వాతావరణమునుబట్టి నీళ్లు మరిగే వేడి కొంచెము మారుతుంది గనుక ఆ రోజే విడిగా నీళ్లు మరిగించి చూసుకోవాలి. ముందుగా దింపితే పులిసిపోతుంది, ఆలస్యమైతే సీసాలో కలకండ కడుతుంది. అడుగున ఇసుకవంటిది చేరుతుంది. అది చెట్టులోని ఖనిజములే. వేడిమీదనే మందపాటి ఉన్ని గుడ్డలో వడకట్టాలి. మా శ్రీమతి థర్మామీటరును నమ్మక, మన తీగపాకము పద్ధతిలో రెండు వేళ్ల మధ్య సాగదీసి చూసింది. ఈ పాకము తీగ రాకముందే దించాలి గాని, ఆమెను ఆపడము మా వల్ల కాలేదు.

మార్చి ఆఖరుకు మొగ్గలు ఉబ్బాయి. మొగ్గలు విచ్చుకొనే సమయమున దిగే నీళ్లకు ఒక రకమైన చెడ్డ రుచి వస్తుంది గనుక గొట్టములు పీకేశాము. రంధ్రములకు ఏమీ పూయనక్కరలేదు, చెట్టే ఒకటి రెండేండ్లలో మాన్పుకొంటుంది. వచ్చే ఏడు ఆ చోట కాక కొంచెము ప్రక్కగా, వేరే ఎత్తున తొలవాలి. లెక్క చూస్తే మొత్తము 140 లీటర్ల నీళ్లు దిగాయి. మాడినవి పోగా, రెండున్నర లీటర్ల పాకము మిగిలింది. కట్టెలకు, పాత్రకు అయిన ఖర్చుతో కొట్టులో ఇంతకంటె ఎక్కువే కొనుక్కోవచ్చు. ఇక్కడివారు దీనిని పాన్‌కేకుల మీద పోసుకొంటారు. మాకు మాత్రము వేడి మినపట్టు మీద వేసుకొంటేనే బాగున్నది.

ఆ వేసవిలో మా సంఘ వార్షికోత్సవపు పుస్తకము అచ్చుకు వెళ్లింది. కాపరి పరిచయములో 'రైతు కుటుంబమునందు జన్మించి' అని ఎప్పటివలె కూర్చి ఉంది. దానిని కొట్టివేసి 'కల్లుగీత కార్మికుని కుమారుడు' అని వ్రాసి ఇచ్చాము. ఇద్దరు పెద్దలు వచ్చి, ఇది అవసరమా అయ్యగారూ అన్నారు. అవసరమే అన్నాము. ఆ ఆదివారము ఆరాధన అయ్యాక ఒక యౌవనస్థుడు ఆగి, వాళ్ల అమ్మ హైదరాబాదులో ఇండ్లలో పాచిపని చేసిందని, ఇక్కడ ఎవరికీ చెప్పలేదని మాతో అన్నాడు. అతనితో ఆ రోజు ఏ ఉపదేశమూ చేయలేదు. ఇంటికి పిలిచి అట్లు పెట్టాము.

డిసెంబరులో ఊరు వెళ్లే ఒక సహోదరి చేత అమ్మకు చిన్న సీసా పంపించాము. సీసాకు చీటీ మా అబ్బాయి తెలుగులో వ్రాశాడు. 'తాతయ్య' అన్న మాటలో ఒక వత్తు తప్పు పోయింది, దిద్దలేదు. అమ్మ అది అరచేతిలో పోసుకొని నాకి, కళ్లు మూసుకొని, మేము ఫోనులో ఊపిరి బిగబట్టి చూస్తుండగా తీర్పు చెప్పింది:

"బాగానే ఉందిరా. ఇంకొక్క పొంగు రానివ్వాల్సింది."